పి.వి. గారూ, మన బ్యాంకులూ

ఈ ప్రత్యేక సంచికకు సభ్యులు తమకు నచ్చిన పెద్దవారి జీవితం ఒకటి రాసి పంపాలని సంపాదకవర్గం వారు కోరారు. కాటన్ దొర గారి గురించి ఒకరు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి గురించి ఒకరు ముందే పేర్లు ఇచ్చేశారు. నేను పి.వి. నరసింహారావు గారి పేరు చెప్పగానే మన కార్యదర్శి గారు నవ్వారు. ఆ నవ్వుకు కారణం ఉంది. 1972లో ద్రాక్షారామం గోడల మీద పి.వి. గారికి వ్యతిరేకంగా సున్నంతో రాసిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి. 1991లో ఆయన ఆర్థిక విధానం మీద బ్యాంకు గుమ్మం ముందు జెండా పట్టుకున్నవాళ్ళలోనూ నేనున్నాను. అటువంటివాడు ఆయన జీవితం రాయడమేమిటని అడిగితే, రెండుసార్లు తిట్టినవాడికి ఒకసారైనా లెక్క సరిచూసుకునే బాధ్యత ఉంటుందని మాత్రం చెప్పగలను. మనం లెక్కల మనుషులం కదా.

శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావు గారు 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించారు. కరీంనగర్ జిల్లా వంగరలోని పాములపర్తి వారికి దత్తత వెళ్ళారు. నిజాం రాజ్యంలో వందేమాతరం పాడినందుకు 1938లో ఉస్మానియా నుంచి బయటికి పంపిన విద్యార్థుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాత పుణే, నాగపూర్‌లలో చదివి, లా పూర్తిచేసి, బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియరుగా చేరారు. విశ్వనాథ వారి వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఎన్ని భాషలు వచ్చో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. నేను లెక్క జోలికి పోను.

1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్ళి 1977 దాకా అదే నియోజకవర్గానికి ప్రతినిధిగా ఉన్నారు. 1962 నుంచి మంత్రి. విద్యాశాఖ చూస్తున్న రోజుల్లోనే నల్గొండ జిల్లా సర్వేలులో పేద పిల్లలకు గురుకుల పాఠశాల వెలిసింది. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. మన గోదావరి జిల్లాల వారికి ఆయనతో తగాదా మొదలైంది అప్పుడే.

ఆ తగాదాకు రెండు మూలాలు. ఒకటి భూపరిమితి చట్టం. కాలువ కింద మూడు తరాలుగా భూములు కూడబెట్టుకున్న కుటుంబాలకు ఆ మాట వింటే నిద్ర పట్టేది కాదు. ఎవరి పేరున ఎంత రాయాలి, ఏ మేనల్లుడి పేరు కలపాలి అని రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని పట్టీలు వేసుకునేవారు. పి.వి. గారు తమ సొంత మిగులు భూమి కూడా వదులుకున్నారని తరవాత తెలిసింది కానీ అప్పట్లో మా ఊళ్ళో ఆ మాట ఎవరు విన్నారు? రెండోది ముల్కీ. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును పి.వి. గారు సమర్థించారని కోస్తా అంతా భగ్గుమంది. కాలేజీలు మూతపడ్డాయి. రామచంద్రపురం నుంచి కాకినాడ దాకా ఊరేగింపులే. మంత్రులు వరసగా రాజీనామా ఇచ్చారు. 1973 జనవరిలో పి.వి. గారు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. భీమేశ్వరుడి గుడి ముందు మేము కొబ్బరికాయలు కొట్టాం. ఉద్యమాన్ని అందుకునే ముందు భూపరిమితి దాని వెనక ఎంత ఉందో మేము ఆలోచించలేదు. ఇరవయ్యేళ్ళ వయసు, పైగా సెలవులు.

ఆ తర్వాత ఆయన ఢిల్లీ మనిషి అయ్యారు. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఇందిరాగాంధీ, రాజీవ్‌గాంధీ మంత్రివర్గాల్లో విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. 1984లో హనుమకొండలో ఓడిపోయినా మహారాష్ట్రలోని రాంటెక్ గెలిపించింది. 1991 ఎన్నికల్లో పోటీయే చేయలేదు. పుస్తకాలు మూటకట్టుకుని హైదరాబాదు వచ్చేయడానికి సిద్ధపడుతున్న మనిషి. మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీ హత్య జరిగింది. ఆ విషాదం తర్వాత నెల రోజులకు, జూన్ 21న, దక్షిణాది నుంచి తొలి ప్రధానమంత్రిగా పి.వి. గారు ప్రమాణం చేశారు. లోక్‌సభలో మెజారిటీ లేదు. ఆయనకే లోక్‌సభలో సీటు లేదు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టకపోగా, అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

ఆయన చేతికొచ్చిన ఖజానా సంగతి ఇంట్లో పిల్లల కోసం కొంచెం వివరంగా రాస్తాను. దేశానికి చమురు, ఎరువులు, మందులు కొనాలంటే డాలర్లు కావాలి. అప్పుడు చేతిలో ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేటన్నే. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది. ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకుంటున్నారు. బయట అప్పు పుట్టడం లేదు. చంద్రశేఖర్ గారి ప్రభుత్వం మే నెలలోనే 20 టన్నుల బంగారం విదేశానికి పంపి డబ్బు తెచ్చింది. జూలైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా బంగారం తాకట్టుగా విమానాల్లో పంపింది.

ఆ వార్త పేపర్లో చదివిన రోజు నాకు బాగా గుర్తు. మా బ్రాంచిలో సార్వా నాట్ల ముందు బంగారు రుణాల రద్దీ. ఇల్లాళ్ళు చెంగున ముడివేసి తెచ్చిన గాజులు, పుస్తెలతాడు తీసి కౌంటరు మీద పెట్టేవారు. మా అప్రైజరు గారు గీటురాయి మీద గీసి, తూచి, సంచిలో వేసి సీలు వేసేవారు. ఎవరింట్లోనైనా తాకట్టు అనేది చీకటి పడ్డాక చేసే పని. పొరుగింటివాళ్ళు చూస్తారని సిగ్గు. దేశం అదే పని చేసిందని తెలిసినప్పుడు మా అప్రైజరు గారు కాసేపు పని ఆపి కూర్చున్నారు. ఆ ఏడాది ఆఖరుకల్లా ఆ అప్పు తీర్చేశారు. అయితే ఆ నాటి నామోషీ మా తరంలో చాలామందికి పోలేదు.

పి.వి. గారు ఆర్థిక మంత్రిగా మొదట ఐ.జి. పటేల్ గారిని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు డాక్టర్ మన్మోహన్‌సింగ్ గారిని పిలిచారు. అంతా సవ్యంగా జరిగితే మంచిపేరు అందరం పంచుకుంటాం, చెడితే నింద మీ నెత్తిన పడుతుంది అనే ధోరణిలో పి.వి. గారు ఆయనతో అన్నారని తరవాత పలువురు రాశారు. హాస్యానికి అని ఉండవచ్చు. కానీ ఇక్కడి నుంచి నేను చెప్పబోయే కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

జూలై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. మొదటి విడత తర్వాత పి.వి. గారు తటపటాయించి రెండోది ఆపమన్నారు. మన్మోహన్‌సింగ్ గారు రిజర్వు బ్యాంకుకు ఫోన్ చేసేసరికి అది జరిగిపోయింది. జూలై 24న బడ్జెట్టు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం. పరిశ్రమల శాఖ పి.వి. గారి దగ్గరే ఉంది. నలభై ఏళ్ళ లైసెన్సుల పద్ధతిని ఒక్క పూటలో చాలావరకు రద్దు చేసిన కాగితం ఆయన శాఖ నుంచే వెళ్ళింది. బడ్జెట్టు గొడవలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయనకు కావలసిందీ అదేనేమో.

మనకు ముఖ్యమైనది ఆగస్టులో జరిగింది. ఆగస్టు 14న మైదవోలు నరసింహం గారి అధ్యక్షతన బ్యాంకుల సంస్కరణకు కమిటీ వేశారు. రిజర్వు బ్యాంకులో ఉద్యోగిగా చేరి గవర్నరు పదవిదాకా వెళ్ళిన ఒకే ఒక్కరు ఈ నరసింహం గారు. ఆయనా తెలుగువారే. మూడు నెలల్లో, నవంబరులో నివేదిక ఇచ్చేశారు.

అప్పటి లెక్క మన సభ్యులకు తెలిసిందే. బ్రాంచికి 100 రూపాయల డిపాజిట్టు వస్తే 38 రూపాయల 50 పైసలు ఎస్.ఎల్.ఆర్. కింద ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. 15 రూపాయలు సి.ఆర్.ఆర్. కింద రిజర్వు బ్యాంకులో ఉంచాలి. మిగిలిన దానిలో నలభై శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలి. ఏ అప్పుకు ఎంత వడ్డీ, ఏ డిపాజిట్టుకు ఎంత వడ్డీ అన్నది పైనుంచి సర్క్యులర్లో వచ్చేది. మేనేజరు నిర్ణయించేది ఫ్యాను ఏ వైపు తిప్పాలన్నదే అని మాలో మేము నవ్వుకునేవాళ్ళం. నరసింహం కమిటీ ఈ కట్లన్నీ మెల్లగా వదులు చేయమంది. ఎస్.ఎల్.ఆర్.ను అయిదేళ్ళలో 25కి తగ్గించాలి, వడ్డీలు బ్యాంకులకే వదిలెయ్యాలి, ప్రాధాన్య రంగాన్ని బాగా కుదించాలి, ప్రైవేటు బ్యాంకులను రానివ్వాలి, రాని అప్పులను రానివిగానే రాయాలి.

మేము నవంబరు 29న సమ్మె చేశాం. దేశమంతా చేసింది. మళ్ళీ 1992 జూన్ 16న చేశాం. మా భయం ఉద్యోగాల గురించే అని పేపర్లు రాశాయి కానీ అది సగం నిజం. 1969 జాతీయీకరణకు ముందు మా ఊరి రైతుకు అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి అరుగే గతి. ఆ అరుగు మళ్ళీ వస్తుందేమోనని మాకు భయం. ఇవాళ్టికీ ఆ భయం తప్పని నేను అనను. ప్రాధాన్య రంగం నలభై శాతం మాత్రం పి.వి. గారి ప్రభుత్వం ముట్టుకోలేదు. కమిటీ చెప్పినదాన్ని అంతా మింగకుండా వాటిలో కొన్నిటిని పక్కన పెట్టడం ఆయన పద్ధతి. 1992 ఏప్రిల్ మధ్యలో తిరుపతి కాంగ్రెస్ మహాసభలో మధ్యేమార్గం అని వివరించింది దీన్నే.

తిరుపతి సభ ముగిసి వారం తిరిగిందో లేదో, ఏప్రిల్ 23న సెక్యూరిటీల కుంభకోణం పేపర్లో వచ్చింది.

హర్షద్ మెహతా పేరు అందరికీ తెలుసు. పని ఎలా జరిగిందో తెలిసినవారు తక్కువ. ఒక బ్యాంకుకు తాత్కాలికంగా డబ్బు కావాలంటే తన ప్రభుత్వ బాండ్లను మరో బ్యాంకుకు అమ్మి, పదిహేను రోజులకు తిరిగి కొంటానని మాట ఇస్తుంది. బాండు కాగితం చేతులు మారదు. బాండు నా దగ్గర ఉంది, నీదే అని ఒక రసీదు ఇస్తారు. దాన్నే బ్యాంక్ రిసీట్ అనేవారు. మధ్యలో బ్రోకరు. చెక్కు బ్యాంకు పేర రాసినా బ్రోకరు ఖాతాలో జమ అయ్యేది. ఆ డబ్బు బొంబాయి షేర్ మార్కెట్టుకు వెళ్ళేది. కొన్ని చిన్న బ్యాంకులు బాండ్లే లేకుండా ఉత్త రసీదులు రాసిచ్చాయి. రిజర్వు బ్యాంకులో బాండ్ల రిజిస్టరు చేతిరాతతో నడిచేది. ఎవరి దగ్గర ఏది ఉందో పోల్చిచూసేసరికి నెలలు గడిచేవి. జానకీరామన్ కమిటీ తేల్చిన లెక్క 4,024 కోట్లు.

ఇందులో రెండు మాటలూ నిజమే. నూటికి 38న్నర రూపాయలు తక్కువ వడ్డీ బాండ్లలో బంధించిన పాత కట్టుబాటు బ్యాంకులను అడ్డదారిలో లాభం వెతికేలా చేసింది. లాభాలు చూపండి అని కొత్త ప్రభుత్వం తరిమిన తొందర, నిఘా పెంచకుండానే తలుపు సగం తెరిచిన పద్ధతి, ఆ అడ్డదారిని రాజమార్గం చేశాయి. కుంభకోణం పాతదా, కొత్తదా అని పార్లమెంటులో వాదించుకున్నారు. చిట్టా రాసేవాడికి రెండు పద్దులూ కనిపిస్తాయి.

మరి ఎవరు జవాబు చెప్పాలి? ఇక్కడ నా సొంత కథ ఒకటి. ఆ 1992 వేసవిలోనే మా బ్రాంచిలో క్యాషులో 500 రూపాయలు తగ్గాయి. కౌంటరు నాది. ఆ సాయంత్రమే జేబులోంచి కట్టాను. అయినా మెమో వచ్చింది, సంజాయిషీ అడిగారు, విచారణ జరిగింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. బ్యాంకు పేరు రాయను, తప్పు నాదే కనుక తగవూ లేదు. కానీ ఆ విచారణ నడుస్తున్న రోజుల్లోనే నాలుగు వేల కోట్ల వార్త రోజూ పేపర్లో వచ్చేది. మా అమ్మ నన్ను అడిగింది, ఆ కోట్లకు మెమో ఎవరికి ఇస్తార్రా అని. నాకు జవాబు తెలియలేదు.

తరవాత జరిగినవి వరసగా చెబుతాను. ఆ జూలైలో వాణిజ్య శాఖ మంత్రి చిదంబరం గారు ఒక ఫైనాన్సు కంపెనీలో తమ కుటుంబం పెట్టిన షేర్ల విషయమై రాజీనామా ఇచ్చారు. ఆగస్టులో రాంనివాస్ మిర్ధా గారి అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు. కొందరు బ్యాంకు అధికారులు జైలుకు వెళ్ళారు. 1993 డిసెంబరులో సంఘం నివేదిక ఇచ్చింది. ఆర్థిక శాఖ నిఘా లోపాన్ని అది ఎత్తిచూపింది. మన్మోహన్‌సింగ్ గారు రాజీనామా లేఖ ఇచ్చారు. పి.వి. గారు తీసుకోలేదు. మరో ఏడాదికి, 1994 డిసెంబరులో, ఆ నివేదికలో ప్రస్తావన వచ్చిన ఇద్దరు మంత్రులు తప్పుకున్నారు.

ఆ రాజీనామా లేఖ తిరిగి ఇచ్చేయడం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నింద మీ మీద పడుతుందన్న మనిషి, నింద నిజంగా వచ్చిన రోజున మంత్రిని విడిచిపెట్టలేదు. అది మెచ్చుకోవలసిన విషయం. అయితే ఆయన తాను కూడా ముందుకొచ్చి నిలబడలేదు. పార్లమెంటులో పి.వి. గారి మౌనం పేరుపడ్డది. పనిలో నైపుణ్యం ఉన్నవాడు మౌనంగా పని చేస్తే ఫలితం వస్తుంది కానీ జనానికి జవాబు దొరకదు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగిన ఘోరం విషయంలోనూ ఆ మౌనమే ఆయన పేరును ఎక్కువ దెబ్బతీసింది.

1993 జూన్‌లో హర్షద్ మెహతా ప్రధానికే సూట్‌కేసులో కోటి రూపాయలు ఇచ్చానని విలేకరుల ముందు చెప్పాడు. ఆ ఆరోపణ రుజువు కాలేదు. జూలై 28న అవిశ్వాస తీర్మానం 265 - 251 ఓట్లతో వీగిపోయింది. ఆ ఓట్లలో కొన్నింటిని జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బిచ్చి కొన్నారన్న కేసు ఆయనను దాదాపు చివరిదాకా వెంటాడింది.

అదంతా ఢిల్లీ కథ. మా బ్రాంచిలోకి మార్పు ఒక సర్క్యులరు రూపంలో వచ్చింది. అంతకుముందు రుణాలకు 1 నుంచి 8 దాకా హెల్త్ కోడ్ అంకెలు వేసేవాళ్ళం. పాత పద్ధతిలో చాలా ఖాతాల్లో రాని వడ్డీని కూడా రాసి ఆదాయంగా చూపేవాళ్ళం. కాగితం మీద బ్రాంచి లాభంలో ఉండేది. 1992 - 93 నుంచి ఆ పప్పులు ఉడకలేదు. నాలుగు త్రైమాసికాలు వడ్డీ రాకపోతే నిరర్థక ఆస్తి, మరుసటి ఏడు మూడు, ఆ తర్వాత రెండు. 1993 మార్చిలో ప్రభుత్వ బ్యాంకుల అప్పుల్లో నూటికి 23 రూపాయలు నిరర్థకమని తేలింది. 12 జాతీయ బ్యాంకులు ఆ ఏడు నష్టం చూపాయి. ప్రభుత్వం 1993 - 94 బడ్జెట్టులో 5,700 కోట్లు మూలధనంగా ఇచ్చింది. న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియా పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది.

మా పక్క ఊళ్ళో ఒక చిన్న రైస్ మిల్లు ఆయన ఖాతాను నేనే ఆ పట్టీలో ఎక్కించాను. మాకు దూరపు చుట్టం, నన్ను అల్లుడూ అని పిలిచేవారు. 1990 రుణమాఫీ నాడు ఆయనకు ఏమీ రాలేదు, ఎందుకంటే అది పదివేల లోపు సేద్యపు అప్పులకే. మాఫీ చూసి పక్కవాళ్ళు కట్టడం మానేసినప్పుడు కూడా ఆయన కట్టారు. రెండు పంటలు దెబ్బతిని మిల్లు ఆగాక మాత్రం కట్టలేకపోయారు. పాత పద్ధతిలో అయితే ఇంకో రెండేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళం. కొత్త పద్ధతిలో లెక్క నిజం చెప్పింది, మిల్లు వేలానికి వెళ్ళింది. ఆ తర్వాత గుళ్ళో ఎదురుపడ్డా ఆయన నన్ను పలకరించలేదు. లెక్క నిజం చెప్పాలని నేనిప్పటికీ నమ్ముతాను. ఆయన ముఖమూ మరచిపోలేను.

ఇక మనకు దక్కినది. బ్యాంకు ఉద్యోగులకు పి.ఎఫ్., గ్రాట్యుటీ తప్ప పెన్షన్ లేని రోజులవి, స్టేట్ బ్యాంకు వారికి తప్ప. 1993 అక్టోబరు 29న పెన్షన్ ఒప్పందం కుదిరింది. 1995లో నిబంధనలు వచ్చాయి. అది యూనియన్ల పోరాట ఫలితం, పి.వి. గారు దానం చేసినది కాదు. కానీ బ్యాంకులు నష్టాల్లో మునిగిన ఏడాదిలో, ఖర్చు తగ్గించమని అప్పులిచ్చిన సంస్థలు మెడ మీద కూర్చున్న రోజుల్లో, ఆ ఒప్పందం ఆయన ప్రభుత్వ కాలంలోనే అయింది. ఇవాళ ఒకటో తారీఖున మన ఖాతాలో పడే సొమ్ము పుట్టింది అక్కడే. సమ్మె చేసిన నేను ఈ పద్దును కూడా రాయాలి.

పోగొట్టుకున్నదీ ఉంది. 1992లో డిపాజిట్టుకు 13 శాతం వడ్డీ ఉండేది. 1995లో రెండేళ్ళ పైబడిన డిపాజిట్ల వడ్డీని, 1997లో మొత్తాన్ని బ్యాంకులకే వదిలేశారు. 2003 - 04 నాటికి అది 5, 6 శాతానికి దిగింది. పదవీ విరమణ సొమ్ము మొత్తం డిపాజిట్టు వేసుకుని వడ్డీతో బతుకుదామనుకున్న మన పెద్దలకు సగం సంసారం తగ్గిపోయింది. ధరలు కూడా అప్పటికి నెమ్మదించాయని ఆర్థిక శాస్త్రం చదివిన మా అబ్బాయి వాదిస్తాడు. మందుల షాపువాడికి ఆ శాస్త్రం ఎవరు చెబుతారు?

ప్రైవేటు బ్యాంకుల సంగతి కూడా చూద్దాం. 1993 జనవరిలో అనుమతుల నిబంధనలు వచ్చాక పుట్టినవాటిలో సికింద్రాబాదు గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ఒకటి. తెలుగువారి బ్యాంకని గర్వపడ్డాం. 2004 జూలై 24న దాని మీద మారటోరియం పడింది. డిపాజిటరు 10,000 రూపాయలకు మించి తీసుకోవడానికి లేదన్నారు. మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము దక్కింది, వాటాదారులకు పైసా దక్కలేదు. దాన్ని ఆదుకున్నది ఒక ప్రభుత్వ బ్యాంకు అన్నది మన సభల్లో ఎవరో ఒకరు తప్పక గుర్తుచేస్తారు.

1996లో కాంగ్రెస్ ఓడిపోయింది. పి.వి. గారు నంద్యాల, బరంపురం రెండుచోట్లా గెలిచి, తెలుగువారు బాగా ఉన్న ఒరిస్సాలోని బరంపురం ఉంచుకున్నారు. ఆ తర్వాత కేసులు. పార్లమెంటులో ఓటు వేయడానికి లంచం తీసుకున్న సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని, ఇచ్చినవాడికి ఉండదని 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2000 సెప్టెంబరులో ప్రత్యేక కోర్టు ఆయనను దోషిగా ప్రకటించి, అక్టోబరులో మూడేళ్ళ శిక్ష వేసింది. శిక్షపడిన తొలి మాజీ ప్రధాని ఆయనే. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్ష కొట్టివేసింది. మిగిలిన కేసులనుంచి కూడా 2003 డిసెంబరు నాటికి బయటపడ్డారు. ఆ మధ్యలోనే ఇన్‌సైడర్ అనే నవల రాశారు. ముసలితనంలో కంప్యూటరు ముందు కూర్చుని తానే టైపు చేసుకునేవారని చదివాను. మన బ్రాంచిల్లో కంప్యూటర్లు వద్దని పోరాడిన మనకు ఇది కొంచెం ఇబ్బందికరమైన విషయమే.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అయిదేళ్ళు అధ్యక్షుడిగా నడిపిన పార్టీ కార్యాలయం లోపలికి ఆయన పార్థివ దేహాన్ని తీసుకువెళ్ళనీయలేదు. గేటు బయట బండి ఆగింది. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఆ తర్వాత బ్రాంచికి వెళితే, 1972లో నాతోపాటు గోడల మీద రాసిన మిత్రుడు పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి, మనం తిట్టాం గానీ గేటు వెయ్యలేదు కదా అన్నట్టు చూశాడు. ఏమీ మాట్లాడుకోలేదు.

2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. అదే సంవత్సరం మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి తీర్పును కొట్టివేసి, ఓటుకు లంచం తీసుకున్న సభ్యుడికి ఏ రక్షణా లేదని చెప్పింది. ఆ మార్చి 30న పి.వి. గారి కుమారుడు రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం అందుకున్నారు. రెండు వార్తలూ నెల తేడాలో ఒకే పేపర్లో చదివాను.

తరువాతి నెల సమావేశంలో మన సంఘం అభినందన తీర్మానం పెట్టింది. బలపరచవలసినవారు ఎవరని అడిగితే కార్యదర్శి గారు నా వైపు చూశారు. 1991 నవంబరు 29న నాతో జెండా పట్టుకున్నవారు ఆ హాల్లో నలుగురున్నారు. లేచి బలపరిచాను. అందరం ఒక నిమిషం నిలబడ్డాం. తర్వాత కూర్చుని ఎజెండాలోని రెండో అంశానికి వచ్చాం. అది పెన్షన్ అప్‌డేషన్. దాని మీద చర్చ మధ్యాహ్న భోజనం దాకా నడిచింది.